తబూక్ వంటగది మీద సంధి చర్చలు

కువైట్ యుద్ధం ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ఏ తేదీ కావాలని తిరిగి అడుగుతాను. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది 1990 ఆగస్టు రెండున. విమానాలు బాంబులు వెయ్యడం మొదలుపెట్టింది 1991 జనవరి పదిహేడు తెల్లవారుజామున. కాల్పులు ఆగింది ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన. ఇవి పేపర్లో వచ్చిన తేదీలు, ఎవరైనా చూసుకోవచ్చు. మా హాస్టల్లో లెక్క వేరు. అక్కడ యుద్ధం క్యాంటీను మూతపడ్డ రోజున మొదలైంది. కాల్పులు ఆగాక కూడా ఆగలేదు. మార్చిలో, ఫాల్గుణ బహుళ ఏకాదశి నాడు ముగిసింది. ఆ యుద్ధం వంటగది కోసం.

అప్పుడు నేను సౌదీలో, తబూక్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రి లాబ్‌లో టెక్నీషియన్‌గా ఉన్నాను. మాది బందరు. మావారు పోయిన రెండో ఏట, 1984లో వెళ్ళాను. సౌదీ అనగానే అందరూ ఎండ గురించి అడుగుతారు. తబూక్ జోర్డాన్ వైపు, బాగా ఉత్తరాన ఉంటుంది. అక్కడ జనవరిలో బకెట్లో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఊరి చుట్టూ గోధుమ పొలాలు, కూరగాయల తోటలు. ఇసుక ఉంది గాని ఇసుక ఒక్కటే లేదు.

ఆడ సిబ్బందికి మూడంతస్తుల హాస్టలు. దాన్ని ఏలేది ఒక ఇంగ్లీషావిడ. మేమంతా మేట్రన్ అనేవాళ్ళం. వయసులో ఉండగా అరేబియా దక్షిణపు కొసన, ఏడెన్ రేవులో, అక్కడ వాళ్ళ జెండా దించే రోజు దాకా పనిచేసిందట. చెడ్డమనిషి కాదు. ఎవరికైనా జ్వరం వస్తే తనే వచ్చి నుదురు ముట్టుకుని చూసేది. కాని ఆవిడ రాజ్యంలో గదిలో స్టవ్వు ఉండకూడదు, బియ్యం ఉండకూడదు, పోపు వాసన అసలు ఉండకూడదు. కింది అంతస్తులో ఆవిడ గది పక్కనే పెద్ద వంటగది ఉంది, రెండు గ్యాసు పొయ్యిలతో. అందులో ఆవిడ టీ మాత్రమే కాగేది. మిగతా వేళల్లో తాళం. భోజనానికి అందరం క్యాంటీనుకి పోవాలి.

క్యాంటీనులో అన్నం గొర్రె కొవ్వుతో వండేవాళ్ళు. నేను మాంసం తినను. ఆరేళ్ళు నేను బతికింది ఖుబ్జు రొట్టె మీద, పెరుగు మీద, దోసకాయ ముక్కల మీద. ఖర్జూరాలు కూడా లెక్కలో వెయ్యాలి. జీతం మంచిది, పని నాకిష్టం, మనుషులు మర్యాదగా ఉండేవారు. ఒక్క అన్నం కోసం ఉద్యోగం వదులుకుంటారా అని మా ఆడపడుచు ఉత్తరంలో ఎగతాళి చేసింది. ఆరేళ్ళపాటు వేడివేడి అన్నంలో పప్పు కలుపుకోనివాళ్ళకి తెలుస్తుంది అది ఒక్క అన్నమో కాదో. 1991 ఏప్రిల్లో నా కాంట్రాక్టు పూర్తవుతుంది. ఇక పొడిగించనని, పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని వెళ్ళిపోతానని నిశ్చయించుకున్నాను.

క్యాంటీను నడిపేవాడు యెమెనీ. వంటవాళ్ళూ వాళ్ళే. కువైట్ గొడవలో వాళ్ళ దేశం ఇరాక్‌ని గట్టిగా తప్పుపట్టలేదని ఆ శరదృతువులో యెమెనీలందరికీ ఇక్కడ ఉండే వీలు పోయింది. మా క్యాంటీనాయన పెద్ద గిన్నెల్ని లారీకి ఎక్కించుకుని, ఒక్కొక్కరికీ సలాం చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మాకు ప్యాకెట్లలో రొట్టెలు, డబ్బాల్లో చేపలు. జనవరి మొదట్లో తెల్లవాళ్ళంతా సూట్‌కేసులు సర్దుకున్నారు. మేట్రన్ కూడా. వెళ్ళేముందు లాబ్‌కి వచ్చి తాళాల గుత్తి నా బల్ల మీద పెట్టింది.

"తాత్కాలికంగా మాత్రమే. మీ దగ్గరైతే ఒక్క స్పూను కూడా పోదు."

నిజమే, పోలేదు.

యుద్ధం మొదలైన వారంలోనే రొట్టె ప్యాకెట్లు కూడా సరిగ్గా రావడం మానేశాయి. ఊళ్ళో సైరన్లు మోగుతున్నాయి, ఎయిర్ బేస్ నుంచి విమానాలు ఎగురుతూనే ఉన్నాయి, బేకరీ ఎప్పుడు తీస్తాడో ఎప్పుడు మూస్తాడో తెలీదు. అప్పుడు నా గదికి ఇబూ వచ్చింది.

ఇబూ అంటే వాళ్ళ భాషలో అమ్మా అని, పెద్దావిడా అని పిలిచే మాట. ఆవిడది జావా. హజ్‌కి వచ్చి, ఇక్కడే మంత్రసాని పనిలో చేరి, ఇరవై ఏళ్ళుగా ఉండిపోయింది. అరబ్బులకే తప్పులు దిద్దేంత బాగా అరబీ వచ్చు. మేమిద్దరం సగం ఇంగ్లీషు, సగం అరబీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. దాన్నే ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"తాళం నీ దగ్గరుంది. గ్యాసుంది. ఇంకా ఏం ఆలోచిస్తున్నావు?" అంది.

"అది మేట్రన్ వంటగది, ఇబూ."

"ఆవిడ ఎక్కడుంది?"

"లండన్‌లో."

"ఆకలి ఎక్కడుంది?"

తాళం తీశాను. ఆ పొయ్యి మీద నేను మొదట వండింది గంజి వార్చిన అన్నం, టమోటా పప్పు. కేరళ నర్సులు, ఫిలిప్పీన్స్ పిల్లలు గిన్నెలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఎవరికి ఎంత అని నేను గరిటె లెక్కన కొలిచాను. అందుకు వాళ్ళు నాకు బ్యాంకు అని పేరు పెట్టారు. బ్యాంకైతే బ్యాంకే. చివరి పిల్లకి కూడా సరిపోయిందా లేదా?

కూరగాయలు ఆసుపత్రి వ్యాను నడిపే కడపాయన తెచ్చేవాడు. తోటల దగ్గరికి వెళ్ళి ఏది దొరికితే అది. "అమ్మా, ఈపొద్దు వంకాయలు దొరికినాయి. బాంబులు పడతాంటే గూడా అవి నవనవలాడతాండాయి చూడు," అని గోనె సంచి దించేవాడు. ఉల్లి, బంగాళాదుంప, సొరకాయ, కొత్తిమీర. ఆ చలికాలం ప్రపంచమంతా సౌదీలో ఉన్నవాళ్ళ గురించి దిగులుపడింది. బందరు నుంచి టెలిగ్రాములు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు గాని, నేను ఆ దేశంలో బాగా తిన్నది ఆ ఆరు వారాలే.

కూరలు తరుగుతూ ఇబూ, నేనూ చాలా మాట్లాడుకున్నాం. డచ్చివాళ్ళ సంగతి అలాగే వచ్చింది. మా బందరులో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. చిన్నప్పుడు డచ్చివాడంటే చచ్చిపోయినవాళ్ళలో ఒక రకం అనుకునేదాన్ని. ఆ మాట చెబితే ఇబూ కత్తి కింద పెట్టి మరీ నవ్వింది.

"మీరు అదృష్టవంతులు. మాకు వాళ్ళు బతికున్నవాళ్ళే దొరికారు."

ఆవిడ చిన్నతనంలో జపానువాళ్ళు వచ్చి డచ్చివాళ్ళని జైళ్ళలో పెట్టి, మూడేళ్ళు జావాని ఏలారు. 1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. రెండు రోజులు తిరక్కుండానే జావావాళ్ళు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. యుద్ధం గెలిచినవాళ్ళలో డచ్చివాళ్ళూ ఉన్నారు గదా, మా దేశం మాకివ్వండి అన్నారు వాళ్ళు. వాళ్ళ దగ్గర అప్పటికి సైన్యం లేదు. వాళ్ళ తరఫున ముందు ఇంగ్లీషువాళ్ళు దిగారు. ఇంగ్లీషువాళ్ళ సైన్యంలో ఎక్కువమంది మనవాళ్ళే.

ఇక్కడ నేను చెప్పక తప్పలేదు. "మా పెద్దమామయ్య అక్కడికి వచ్చాడు, ఇబూ. రేషన్ లారీల దగ్గర గుమస్తా. జపాను లొంగిపోయింది, ఇక ఇంటికి పంపిస్తారనుకుంటే జావాకి పంపించారని చచ్చేదాకా తిట్టుకున్నాడు."

ఇబూ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఓహో! మా ఊరికి పిలవకుండా వచ్చినవాళ్ళలో మీ ఇంటివాళ్ళు కూడా ఉన్నారన్నమాట. ఏం తిన్నాడు అక్కడ?"

"అన్నం, పచ్చిమిరపకాయలు. మిరపకాయలు మాత్రం మన గుంటూరుకి తీసిపోవని మెచ్చుకునేవాడు."

"అయితే క్షమించాను," అంది.

ఫిబ్రవరి నెలాఖరుకి ఇరాక్ సైన్యం చేతులెత్తేసింది. హాస్టల్ హాల్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఎడారిలో ఒక డేరా, డేరాలో ఒక బల్ల, బల్లకి ఇటు గెలిచిన జనరల్స్, అటు ఓడిన జనరల్స్. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇబూ కొట్టలేదు.

"లొంగిపోవడం అయింది. ఇప్పుడు పాతవాళ్ళు సూట్‌కేసులతో వస్తారు, చూడు. ఎప్పుడూ అంతే."

నిజంగానే మార్చి మొదటి వారంలో మేట్రన్ సూట్‌కేసుతో దిగింది. కడపాయనే ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చాడు. వంటగది కిటికీ దగ్గరికి వచ్చి, "అమ్మా, రాణిగారు వచ్చినారు. దారంతా మీ గురించే అడిగినారు. నాకేం తెల్దు అని చెప్పినా. మీరు సొరకాయ దాచుకోండి," అన్నాడు.

మొదటి విడత చర్చలు మేట్రన్ గదిలో జరిగాయి, టీ తాగుతూ. మా వైపు నేను, ఇబూ. మేట్రన్ స్పూన్లు లెక్కపెట్టుకుంది, అన్నీ ఉన్నాయి. చాలా మెచ్చుకుంది. యుద్ధకాలంలో మేం చేసిన పనిని ఆసుపత్రి మరచిపోదంది. కొత్త కాంట్రాక్టరు వస్తున్నాడని, వారంలో క్యాంటీను తెరుస్తారని, కాబట్టి తాళాలు తనకివ్వచ్చని అంది.

"వంటగది సంగతి?" అన్నాను.

"అది ఎప్పట్లాగే."

"మేం ఎప్పట్లాగే లేం," అంది ఇబూ.

మేట్రన్ కాసేపు టీ కలుపుకుంది. తర్వాత ఒక రాయితీ ఇచ్చింది. వంట చేసుకోవచ్చు, కాని తాళం ఆవిడ దగ్గర ఉంటుంది. ఏ వారానికా వారం ఆవిడని అడిగి తీసుకోవాలి. ఆవిడ కాదనదు, మాట ఇస్తోంది. ఆ వంటగది మీద అధికారం తనదేనని మేం ఒప్పుకుంటే చాలు.

నాకు అది బాగానే ఉందనిపించింది. కావలసింది అన్నం. అడిగి తింటే మాత్రం ఏం పోయింది? సరేననబోతుంటే ఇబూ నా మోకాలు గిల్లింది. రేపు చెబుతామని లేచి వచ్చేశాం.

నడవలోకి రాగానే నా మీద పడింది. "ఒప్పేసుకుంటున్నావా? నువ్వూ మీ మామయ్య లాగే వాళ్ళ తాళాలు మొయ్యడానికి వచ్చావా?"

"మా మామయ్య మోసింది బియ్యం బస్తాలు! ఆవిడ వండుకోమనే అంటోంది గదా. మీకు గొడవే కావాలా?"

"కూర్చో," అంది. మెట్ల మీదే కూర్చున్నాం. అప్పుడు చెప్పింది. 1946లో డచ్చివాళ్ళకీ జావావాళ్ళకీ మధ్య ఇంగ్లీషువాళ్ళు కూర్చుని సంధి మాట్లాడించారు. కొండ మీద ఒక ఇంట్లో. ఆ ఇంట్లో వంట చేసినవాళ్ళలో ఇబూ తల్లి ఒకతి. ఇబూకి అప్పుడు పదేళ్ళు, తల్లితో పాటు వెళ్ళి కొబ్బరి తురిమేదట. రెండు వైపులవాళ్ళూ ఒకే కుండలో అన్నం తిన్నారు. అంతా నవ్వుతూ సంతకాలకి దిగారు.

"ఏం రాసుకున్నారో తెలుసా? జావా మీద పెత్తనం నిజానికి మీదే, మేం ఒప్పుకుంటున్నాం అన్నారు డచ్చివాళ్ళు. కాని కిరీటం మా రాణిదే అన్నారు. కొండ దిగాక మావాళ్ళు మొదటి మాట చదువుకున్నారు, వాళ్ళు రెండో మాట చదువుకున్నారు. ఏడాది తిరక్కుండా ట్యాంకులతో వచ్చారు. ఏమన్నారు? మా ఇల్లు మేం సర్దుకుంటున్నాం అన్నారు. ఇల్లు వాళ్ళదని మేం రాసిచ్చాం గదా మరి!"

నేను తాళాల గుత్తి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఈ మేట్రన్ మంచిదే. రేపు ఈవిడ రిటైరవుతుంది. ఇంకొకావిడ వస్తుంది. ఆవిడని వారం వారం అడుగుతావా? ఒక వారం ఇవ్వనంటుంది. అప్పుడు నువ్వు ఏ కాగితం చూపిస్తావు? అధికారం మీదేనని నువ్వు రాసిచ్చిన కాగితమా?"

ఆవిడ చెప్పింది లెక్క ప్రకారం సరిగ్గా ఉంది. లెక్క సరిగ్గా ఉంటే నేను ఒప్పుకుంటాను, అది ఎవరు చెప్పినా. మర్నాడు మేట్రన్‌కి కుదరదని చెప్పాం. నా మటుకు నేను ఇంకో మాట కూడా చెప్పాను: వంటగదికి తాళం పడితే ఏప్రిల్లో నేను వెళ్ళిపోతాను. బెదిరింపు కాదు, ముందే అనుకున్నదే. మేట్రన్ ముఖం ఎర్రబడింది. "అయితే ముదీర్ గారే తేల్చాలి," అంది.

ముదీర్ అంటే ఆసుపత్రి పాలనాధికారి. తబూక్ చుట్టుపక్కల ఎడారిలో డేరాలు వేసుకుని తిరిగే బదూల కుటుంబంవాడు, నలభై దాటినవాడు, అమెరికాలో చదువుకుని వచ్చాడు. నెమ్మదస్తుడు. నాలుగు రోజుల తర్వాత మమ్మల్ని ముగ్గురినీ పిలిచాడు. ఆ రోజే ఏకాదశి. నాది మంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. ద్వాదశి పొద్దున్న స్నానం చేసి వండుకుని తినేదాకా ఏమీ తీసుకోను. దేశం మారినా ఆ పద్ధతి మార్చుకోలేదు. బాంబులు పడ్డ రోజుల్లో కూడా పంచాంగం చూసుకునే ఉన్నాను.

ముదీర్ గదిలో కూర్చోగానే మనిషి వచ్చి గావా, అంటే అరబ్బుల కాఫీ, పోశాడు. చెవులు లేని చిన్న కప్పుల్లో, యాలకుల వాసన వేస్తూ, మన కాఫీకి సంబంధం లేని పసుపు రంగులో ఉంటుంది. వద్దంటే బాగోదని కుడిచేత్తో అందుకుని, తాగకుండా నా ముందు బల్ల మీద పెట్టాను. ఆవిరి వస్తోంది. తల ఎత్తేసరికి ముదీర్ నా కప్పునే చూస్తున్నాడు. తర్వాత మేట్రన్ వైపు చూశాడు. ఆవిడ కూడా కప్పు అందుకుని, ఒక్క గుక్కైనా తాగకుండా, నిదానంగా బల్ల మీద పెట్టింది.

నా పక్కనున్న ఇబూ ఒక్కతే గుటుక్కున తాగేసి, నా చెవిలో, "ఎంత గట్టిదానివే! నీకు ఈ సంగతి తెలుసని నాకు ఒక్కసారీ చెప్పలేదేం?" అంది.

"ఏ సంగతి?"

అప్పుడు ఆవిడకి అర్థమైంది, నాకేమీ తెలీదని. గబగబా గుసగుసగా చెప్పింది. బదూవాళ్ళ ఇంటికి ఏదైనా కోరి వచ్చినవాడు గావా తాగకుండా కింద పెడతాడట. నా కోరిక తీరిస్తేనే తాగుతానని దాని అర్థం. అతిథి కప్పు అలా చల్లారిపోతే ఇంటివాడికి తలవంపులు. అందుకని అడిగింది ఇవ్వడానికే చూస్తాడు. మేట్రన్ ఏడెన్‌లో నేర్చుకుని వచ్చింది, తెలిసే పెట్టింది. నేను ఏకాదశి కాబట్టి పెట్టాను.

ముదీర్ గడ్డం నిమురుకున్నాడు. "మా నాన్న డేరాలో ఒక కప్పు కింద పెడితేనే ఆయనకి నిద్ర పట్టేది కాదు. రెండు కప్పులు ఒకేసారి పెడితే ఏం చెయ్యాలో ఆయన నాకు నేర్పలేదు," అన్నాడు ఇంగ్లీషులో. తర్వాత మేట్రన్‌తో, "పెద్దవారు, ముందు మీరు చెప్పండి," అన్నాడు.

"వంటగది తాళం చెవి నా దగ్గర ఉండాలి. ఈ హాస్టల్లో ప్రతి తాళం చెవీ సూపరింటెండెంట్ దగ్గరే ఉంటుంది."

"ఇచ్చాను. తాగండి."

మేట్రన్ కప్పు తీసుకుని హాయిగా తాగింది. ఇక వంటగది పోయినట్టే అనుకున్నాను. ముదీర్ నా వైపు తిరిగాడు. "మీకేం కావాలి?"

మెట్ల మీద ఇబూ చెప్పిన కొండమీది ఇల్లు గుర్తొచ్చింది. రెండు రకాలుగా చదవడానికి వీల్లేకుండా చెప్పాలి. "నేను ఆ వంటగదిలో వండుకోవాలి. రోజూ. ఎవరినీ అడక్కుండా. నాతో పాటు మిగతావాళ్ళు కూడా."

ఆయన ఫోన్ ఎత్తి మరమ్మతుల విభాగంవాళ్ళతో అరబీలో ఏదో మాట్లాడాడు. ఇబూ భుజాలు కదలడం మొదలైంది. నవ్వు ఆపుకుంటోంది. ఫోన్ పెట్టేసి ముదీర్ అన్నాడు: "తాళం చెవి మేట్రన్‌కి ఇచ్చాను. అది ఆవిడ దగ్గరే ఉంటుంది. వంటగది తలుపు ఆసుపత్రిది. దాన్ని ఈ మధ్యాహ్నం తీయించేస్తున్నాను, తాళంతో సహా. తలుపు లేని గదిలోకి వెళ్ళడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఇప్పుడు తాగండి."

నేను కప్పు వైపు చూశాను. తాగితే ఏకాదశి పోతుంది. తాగకపోతే ఈయన నాకింకా ఏదో కావాలనుకుంటాడు. అనుకున్నట్టే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఇది చాలదా? ఇంకేం కావాలి?"

"ఏమీ వద్దు," అన్నాను. "తాగలేను. ఇవాళ నాకు ఉపవాసం."

"సాయిమా?" అన్నాడు ఆశ్చర్యపోయి. ఉపవాసం ఉన్నావా అని. ఇబూ అరబీలో వివరించింది. నీళ్ళు కూడా తాగదని, రేపు పొద్దున దాకా అని.

మేట్రన్ ముందుకి జరిగింది. ఆవిడ తెలివిగల మనిషి, వెంటనే పట్టుకుంది. "అయితే ఆవిడ కోరిక పెట్టుకుని కప్పు కింద పెట్టలేదు గదా! మీ ఆచారం ప్రకారం ఇది చెల్లదు."

నిజమే. నాకు కూడా అది చెల్లదనే అనిపించింది. నేను లెక్క తప్పుగా చెప్పే మనిషిని కాను. అవునండీ, నాకు ఆ ఆచారం తెలీదు అని ముదీర్‌తో అనేశాను. ఇబూ నన్ను చూసిన చూపుకి ఆ చల్లారిన గావా మళ్ళీ మరిగి ఉండాలి.

ముదీర్ ఇద్దరినీ చూసి నవ్వాడు. "ఆవిడ గావా తాగకపోవడం ఆవిడ దేవుడి కోసం. అది నాకు సంబంధం లేదు. ఏం కావాలని నేనే అడిగాను, ఆవిడ చెప్పింది, నేను ఇచ్చాను. ఇచ్చాక వెనక్కి తీసుకుంటే మా నాన్న గోరీలోంచి లేచి వస్తాడు." మేట్రన్‌తో, "మీ తాళం చెవి కూడా వెనక్కి తీసుకోను. భయపడకండి," అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు: "రాత్రి కూడా తినరా?"

"తినను."

"ఇంకో వారంలో మాకు రంజాన్. మాకు సాయంత్రానికి విడుపు ఉంది. మీ దేవుడు మా కంటే గట్టి లెక్క పెట్టాడు," అని, లోపల్నుంచి ఒక పెట్టెడు ఖర్జూరాలు తెప్పించి ఇచ్చాడు. రేపు ఉపవాసం విడిచాక తినమని.

మధ్యాహ్నం నమాజు అయ్యాక పాకిస్తానీ వడ్రంగి వచ్చి, "కమాల్ హై, వింతే ఇది, దొంగలు తలుపు పగలగొడతారు, ఇక్కడ ఆఫీసే ఊడదీయమంటోంది," అని గొణుక్కుంటూ తలుపు ఊడదీశాడు. ఇబూ మెట్ల మీద కూర్చుని చూసింది. "మాకు నాలుగేళ్ళు పట్టింది. రెండుసార్లు వాళ్ళు సైన్యంతో మీద పడ్డారు. నీకు ఒక కప్పు గావాతో అయిపోయింది, అదీ తాగకుండా," అంది. మేట్రన్ తన గది గుమ్మంలో నిలబడి చూసింది. తాళం చెవి నేనే తీసుకెళ్ళి ఆవిడ చేతికిచ్చాను. థాంక్యూ అంది. వెటకారం లేదు.

మర్నాడు ద్వాదశి. స్నానం చేసి పెసరపప్పు, దోసకాయ పచ్చడి, అన్నం చేశాను. పోపులో ఇంగువ వేశాను. తలుపు లేదు కాబట్టి పొగ తిన్నగా పక్కగదికి వెళ్ళింది. మేట్రన్ రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగింది.

"ఏమిటిది?"

"ఇంగువ."

రుమాలు కొంచెం దించింది. "ఏడెన్‌లో మా ఇంటి వెనక ఒక గుజరాతీ కుటుంబం ఉండేది. పొద్దున్నే ఇదే వాసన. ఇన్నేళ్ళు అదేమిటో నాకు తెలీదు," అని, బాగుందనీ అనకుండా, బాగోలేదనీ అనకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత వారానికి రెండుసార్లయినా ఏదో పని ఉన్నట్టు వచ్చి, అన్నం మీద కాస్త పప్పు వేయించుకునేది. కారం ఎక్కువైందని ప్రతిసారీ చెప్పేది. ప్రతిసారీ గిన్నె ఖాళీ చేసేది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. స్వతంత్రం వచ్చాక కేరళ పిల్లలకి కొబ్బరినూనె కావాలి, ఫిలిప్పీన్స్ పిల్లలకి వెనిగర్ కావాలి, నాకు నా గిన్నెల్లో మాంసం తగలకూడదు. వీటికి అప్పటికే పద్ధతి పెట్టాం. ఎడమవైపు పొయ్యి నాది. కాని ఇబూ జావా నుంచి ఎండురొయ్యల ముద్ద తెప్పించింది. నల్లగా, సబ్బుబిళ్ళలాగా ఉంటుంది. దాన్ని నిప్పు మీద కాలుస్తారు. ఆ వాసన చెప్పడానికి బందరు చేపల రేవు కూడా చాలదు.

"ఇబూ, ఇది నా వల్ల కాదు. ఇక్కడ వద్దు."

"తాళం వేస్తావా?" అంది, నడుం మీద చేతులు పెట్టుకుని.

"తలుపే లేదుగా!"

"అదే నేనూ అంటున్నాను."

ఈ చర్చలు మేట్రన్‌తో చేసినవాటి కంటే కష్టమయ్యాయి. చివరికి తేలింది ఇదీ: శుక్రవారం మధ్యాహ్నం వంటగది ఇబూది. నేను ఆ వేళకి మేడ మీద ఉంటాను. తను అయిపోయాక పొయ్యి, గోడ, కిటికీ నిమ్మకాయతో కడగాలి. కాగితం మీద ఏమీ రాసుకోలేదు.

ఏప్రిల్లో ఇంకో రెండేళ్ళకి కాంట్రాక్టు సంతకం చేశాను. రంజాన్ నెల అయ్యాక వచ్చిన మొదటి శుక్రవారం నాడు, చెప్పినట్టే, ఒక పుస్తకం పట్టుకుని మేడ మీదికి వెళ్ళాను. ఎండ హాయిగా ఉంది. దూరంగా గోధుమ చేలు పండి పసుపుగా కనిపిస్తున్నాయి, కోతకి ఇంకెన్నాళ్ళో లేదు. కింద ఇబూ ఏదో పాట పాడుకుంటూ దంచుతోంది, పిల్లలు ఆవిణ్ణి ఏడిపిస్తున్నారు. కాసేపటికి గాలి తిరిగింది. ఎండురొయ్యల వాసన మేడ మీదికి కూడా వచ్చింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పాను.